సన్మానం చేయండి, కానీ ఆ పిల్లల్ని స్టేజీ ఎక్కించకండి

ఒక జంక్షన్ పట్టణంలోని ఆటో యూనియన్ కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల స్టాండులోని డ్రైవరు ఒకాయన, పక్క బస్టాండులో డ్యూటీ చేసే ఆర్టీసీ కండక్టరు ఒకామె కలిసి, పొరుగు రాష్ట్రం నుంచి పనికి తరలిస్తున్న నలుగురు పిల్లల గురించి పోలీసులకు చెప్పారు. పిల్లలు బయటపడ్డారు, ఇద్దరు ఏజెంట్ల మీద కేసు కట్టారు. జూలై 30 మానవ అక్రమ రవాణా వ్యతిరేక దినం కాబట్టి ఆ రోజు ఇద్దరికీ సన్మానం పెట్టాలని యూనియన్ అనుకుంటోంది. ఎమ్మెల్యేని, ఎస్సైని పిలుస్తారట. కుదిరితే ఆ పిల్లల చేతే శాలువాలు కప్పిస్తారట. ‘ఎలా చేస్తే బాగుంటుంది?’ అని అడిగారు.

కార్యదర్శి గారూ, ముందు ఆ శాలువా ఆలోచన మానేయండి. మిగతావన్నీ సర్దుకునేవే.

జువెనైల్ జస్టిస్ చట్టం (2015) సెక్షన్ 74 ప్రకారం, నేరానికి గురైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమైనా సరే, పత్రికలోగానీ టీవీలోగానీ మరే రూపంలోగానీ బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పిల్లల మీద లైంగిక నేరం కూడా జరిగి ఉంటే పోక్సో చట్టం సెక్షన్ 23 వచ్చి చేరుతుంది. అందులో జైలుశిక్ష పడితే ఆరు నెలలకు తగ్గదు, ఏడాది దాకా ఉంటుంది, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘మరే రూపంలోగానీ’ అన్నమాట మీ యూనియన్ వాట్సాప్ గ్రూపుకూ, డ్రైవరు పెట్టుకునే స్టేటస్‌కూ వర్తిస్తుంది. ‘మొహం బ్లర్ చేశాం కదా’ అంటారు. బ్లర్ చేసిన ఫొటో కింద ‘ఫలానా మండలం, ఫలానా గ్రామానికి చెందిన నలుగురు చిన్నారులు’ అని రాస్తే బ్లర్ చేసి ఏం లాభం? చిన్న పల్లెలో ఆ వారం ఇంట్లో లేని పిల్లలెవరో అందరికీ తెలుసు. పిల్లవాణ్ని పంపిన ఏజెంటు చాలాసార్లు అదే ఊరివాడో, పక్క ఊరివాడో అయి ఉంటాడు. తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చినవాడు కూడా అతనే. ఫొటో బయటికొస్తే ఆ అడ్వాన్సు కోసం ఇంటిమీదికి వెళ్లేది అతనే.

కాబట్టి ఇప్పుడే ఒక పని చేయండి. ఆ రోజు స్టాండులో ఎవరెవరు ఫొటోలు, వీడియోలు తీశారో అడగండి. గ్రూపులో, స్టేటస్‌లో పెట్టినవి తీసేయించండి. అయితే ఏజెంటుదిగానీ, దిగిన చోటుదిగానీ, టికెట్లదిగానీ ఫొటో ఉంటే దాన్ని ఫోన్లోంచి చెరిపేయొద్దు. దర్యాప్తు అధికారికి చెప్పి, ఆయన అడిగిన పద్ధతిలో ఇవ్వండి. అది సాక్ష్యం. గ్రూపులో ఫార్వర్డ్ అయిన కాపీ కన్నా తీసిన ఫోన్లోని అసలు ఫైలుకే విలువ.

ఇక దేనికి సన్మానం చేస్తున్నారో స్పష్టం చేసుకోవాలి. చాలా సభల్లో ‘ప్రాణాలకు తెగించి దుండగులను పట్టుకున్న’ అని చదువుతారు. అది విన్న కుర్ర డ్రైవర్లు వచ్చేసారి నిజంగానే పట్టుకోవడానికి వెళ్తారు. వెళ్తే రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, ఏజెంటుకు దేహశుద్ధి జరుగుతుంది, అతను ఆస్పత్రిలో చేరతాడు, మీ డ్రైవరు మీదే కౌంటర్ కేసు పడుతుంది, పిల్లల కేసు పక్కకు పోతుంది. రెండోది ఇంకా ఘోరం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లకు తెలుగు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలు తిని చనిపోయారు. ఆ గుంపుల్లో ఉన్నవాళ్లు కూడా తాము పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకున్నారు.

మీరు మెచ్చుకోవాల్సింది గమనించడాన్ని, వివరం తప్పకుండా ఫోన్ చేయడాన్ని, ఆ తర్వాత సాక్షిగా నిలబడటాన్ని. ఈ మూడింటిలో మూడోదే కష్టం, దానికే చప్పట్లు తక్కువ.

గమనించడం అంటే ఎలా ఉంటుందో ఒక రాత్రి బస్సు తీసుకుని చెబుతాను. ఒకే మనిషి ఆరు టికెట్లు తీసుకుంటాడు. పిల్లలు మాత్రం ఒకచోట కూర్చోరు. రెండు వరసలకొకరు, మధ్యలో అతను. ‘ఎక్కడ దిగాలి బాబూ?’ అని కండక్టరు అడిగితే పిల్లాడు జవాబు చెప్పకుండా అతని మొహం చూస్తాడు. పక్క సీట్లోవాడి పేరు అడిగితే తెలియదు. ఆధార్ కార్డులన్నీ ఒకే పాలిథిన్ కవరులో, అతని సంచిలో ఉంటాయి. ఫోన్ అతనొక్కడి దగ్గరే. భోజనానికి బస్సు ఆగినప్పుడు పిల్లల్ని దిగనివ్వడు, లేదంటే ఒక్కొక్కణ్నే దించుతాడు. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. ఒక్కటి కనిపిస్తే మామూలే, నాలుగైదు ఒకేచోట కనిపిస్తే ఫోన్ చేయాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక కండక్టర్లకు ఇంకో అవకాశం దొరికింది. జీరో టికెట్ కొట్టాలంటే గుర్తింపు కార్డు చూడాలి. ఐదుగురు ఆడపిల్లల కార్డులు వాళ్ల చేతుల్లోంచి కాకుండా ఒక పెద్దమనిషి జేబులోంచి వస్తే అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

భాష రాకపోవడం గుర్తు కాదు. మాసిన బట్టలు, ఒంటి రంగు, టోపీ, బురఖా, వీటిలో ఏదీ గుర్తు కాదు. పశ్చిమ ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు కుటుంబాలతో సహా వచ్చేవాళ్లు ఏటా ఈ దారినే వస్తారు. తల్లి ఒడిలో బిడ్డ, తండ్రి నెత్తిన మూట, వెనక సామాను. ఆ కుటుంబాన్ని ఆపి ‘పిల్లలెవరివి?’ అని నిలదీయడం అవమానమే తప్ప సేవ కాదు. (బట్టీలో వాళ్లకు జరిగేది వెట్టిచాకిరీ కావచ్చు. దానికి 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది, కలెక్టరుకూ ఆర్డీఓకూ ఫిర్యాదు చేసే దారి ఉంది. అది వేరే సంగతి.)

ఆటోవాళ్ల పాత్రను మీ యూనియన్ కూడా తక్కువగా చూస్తోందని మీ ప్రశ్నలోనే అనిపించింది, కండక్టరు గురించి ఎక్కువ రాసి డ్రైవరు గురించి ఒక్క వాక్యం రాశారు. రైల్లో టీటీఈ చూసేది బెర్తు వరకే. బస్సులో కండక్టరు చూసేది బస్టాండు వరకే. దిగిన పిల్లవాడు చివరికి ఏ గల్లీలో, ఏ గేటు లోపలికి వెళ్లాడో చూసే బయటి మనిషి ఆటోవాడు ఒక్కడే. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ సోదాల్లో గాజుల తయారీ గదుల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు, ఎక్కువమంది బీహారువాళ్లు. బయటి నుంచి చూస్తే అవి మామూలు ఇళ్లు. అలాంటి ఇంటి చిరునామా కేసుకు బంగారంతో సమానం. అందుకే, కిరాయి మాట్లాడేటప్పుడు చిరునామా చెప్పకుండా ‘పద, దారిలో ఫోన్ చేసి చెప్తా’ అనే మనిషి, ఆరుగురు పిల్లల్ని రెండు ఆటోల్లో ఎక్కించి తను ముందు ఆటోలో కూర్చునే మనిషి తగిలితే, దించిన చోటు, టైము, ఎదురుగా ఉన్న షాపు పేరు గుర్తుపెట్టుకుంటే చాలు. వెంటపడక్కర్లేదు, లోపలికి తొంగి చూడక్కర్లేదు.

ఫోన్ చేయడంలోనూ పనితనం ఉంది. రైల్లో అయితే 139, పిల్లలైతే 1098, ప్రమాదం కళ్లముందే ఉంటే 112, ఆడవాళ్ల విషయమైతే 181. ఫోన్ ఎత్తినవాళ్లకు మొదటి ముప్పై సెకన్లలో ఇవి చెప్పాలి: ఇప్పుడు బండి ఎక్కడుంది, తర్వాత ఎక్కడ ఎన్నింటికి ఆగుతుంది, రైలు నంబరు, బోగీ, బెర్తు లేదా బస్సు నంబరు, పిల్లలు ఎంతమంది, పెద్దలు ఎంతమంది, ఒంటిమీద ఏ రంగు బట్టలున్నాయి. ‘ఏదో అనుమానంగా ఉంది సార్’ అని మొదలుపెడితే ఆ మాట ముగిసేలోపు స్టేషన్ దాటిపోతుంది. ఎక్కువగా జరిగే తప్పు ఏంటంటే ఇప్పుడున్న స్టేషన్ పేరు చెప్పడం. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు అక్కడికి వచ్చేసరికి రైలు ఉండదు. బండి తర్వాత ఆగబోయే చోటు చెప్పాలి. బస్సును నడిరోడ్డు మీద ఆపకూడదు, ఏజెంటు పొలాల్లోకి దిగి పారిపోతాడు, పిల్లలు చీకట్లో చెల్లాచెదురవుతారు. మామూలుగానే నడిపి, దారిలో పడే బస్టాండులోకో పోలీస్ స్టేషన్ ముందుకో తీసుకెళ్లి ఆపాలి.

పిల్లల్ని ప్రశ్నలు అడగడం మీ పని కాదు. మంచినీళ్లు ఇవ్వండి, భయం లేదని చెప్పండి, అంతే. ‘నిన్ను అమ్మేశారా?’ లాంటి ప్రశ్న ఒక్కటి అడిగినా, రేపు కోర్టులో ‘ఈ మాట పిల్లవాడికి నేర్పింది ఈ డ్రైవరే’ అంటారు. రైల్లో దొరికితే ఆర్పీఎఫ్ పట్టుకున్నా కేసు కట్టేది రైల్వే పోలీసులు, అంటే జీఆర్పీ. పిల్లల్ని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఎవరితో ఇంటికి పంపాలో, పంపొచ్చో లేదో తేల్చేది ఆ కమిటీయే. మంచి మనసుతోనే అయినా పిల్లల్ని మీ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి పడుకోబెట్టకండి. ఇంకో సంగతి కూడా సభలో చెప్పాల్సిందే: పెద్దల తోడు లేకుండా దొరికిన పిల్లల గురించి 24 గంటల్లో సమాచారం ఇవ్వడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 32 కింద ఎవరికైనా బాధ్యత. ఇవ్వకపోతే శిక్ష కూడా ఉంది. అంటే మీరు సన్మానించే పని ఐచ్ఛికం కాదు. కాకపోతే చేసేవాళ్లు తక్కువ కాబట్టి చేసినవాళ్లను పిలుస్తున్నారు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం, అది తేదీ. మీరు జూలై 30 అనుకున్నారు. కేసు ఏ దశలో ఉందో తెలుసుకోకుండా తేదీ ఖాయం చేయకండి.

మీ డ్రైవరు, కండక్టరు ఇద్దరూ ఈ కేసులో ముఖ్యమైన స్వతంత్ర సాక్షులు. నలుగురు పిల్లల్ని తరలించారని రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 కింద పద్నాలుగేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష ఉంటుంది. ఒక్క బిడ్డ అయినా పదేళ్లకు తగ్గదు. అంత శిక్ష తలమీద వేలాడుతుంటే నిందితుల తరఫు వకీలు ఏ చిన్న సందునూ వదలడు. సన్మానంలో ఆయనకు దొరికే సందులు మూడు.

మొదటిది గుర్తింపు పరేడ్, అంటే నిందితుణ్ని వేరేవాళ్ల మధ్య నిలబెట్టి సాక్షి చేత గుర్తుపట్టించడం. డ్రైవరు నిందితుణ్ని జైల్లో పరేడ్‌లో గుర్తుపట్టాల్సి ఉంటే, అంతకుముందే ఆ నిందితుడి ఫొటో మీ ఫ్లెక్సీ మీదో, సన్మానం వార్త పక్కనో వచ్చిందంటే, ‘పేపర్లో చూసి గుర్తుపట్టాడు’ అనే ఒక్క వాదనతో ఆ గుర్తింపు బలహీనపడుతుంది. రెండోది డబ్బు. సాక్ష్యం చెప్పకముందే ‘ఏజెంట్లను పట్టించినందుకు’ అని రాసి పాతికవేల చెక్కు ఇస్తే, స్వతంత్ర సాక్షి కాస్తా బహుమతి తీసుకున్న సాక్షి అవుతాడు. మూడోది మాటలు. మైకు ఇవ్వగానే మనిషి కథను కొంచెం సాగదీస్తాడు, మానవ సహజం. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ‘ఇద్దరు పెద్దలు’ అని ఉండి, స్టేజీ మీద ‘ముగ్గురు నలుగురు ఉన్నారండీ’ అంటే, యూట్యూబు చానల్ వాడు తీసిన ఆ వీడియో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదురొస్తుంది.

కాబట్టి దర్యాప్తు అధికారిని కలిసి నాలుగు విషయాలు అడగండి: చార్జిషీటు పడిందా, గుర్తింపు పరేడ్ అయిందా లేక అవసరం లేదా, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం (భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 183) నమోదైందా, ఈ ఇద్దరి పేర్లు బయటికి రావడం కేసుకు మంచిదేనా. ‘ఇప్పుడే వద్దు’ అని ఆయన అంటే వాదించకండి. జూలై 30న అవగాహన సభ మాత్రం పెట్టుకుని, సన్మానం వాయిదా వేయండి. ఏడాది తర్వాత ఇచ్చిన శాలువా చలికి పనికిరాకుండా పోదు.

తొందరపడకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 2023 మే నెలాఖరులో దానాపూర్–పుణె ఎక్స్‌ప్రెస్ నుంచి 59 మంది బీహార్ పిల్లల్ని మహారాష్ట్రలోని భుసావళ్, మన్మాడ్ స్టేషన్లలో దించారు. వెంట ఉన్న ఐదుగురిని అక్రమ రవాణా కేసులో అరెస్టు చేశారు. దేశమంతా వార్త అయింది. ఆ పిల్లలు చదువుకోడానికి మదర్సాలకు వెళ్తున్నారని తర్వాత తేలింది. 2024 మార్చిలో పోలీసులు కేసు మూసేశారు. ఈలోపు ఆ ఐదుగురూ వారాల తరబడి జైల్లో ఉన్నారు, పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా హోముల్లో ఉన్నారు. సమాచారం ఇచ్చినవాణ్ని తప్పుపట్టక్కర్లేదు, సద్బుద్ధితో చెప్పినవాడికి ఆ మాత్రం రక్షణ ఉండాలి. కానీ మర్నాడే దండలు వేసి, ఫ్లెక్సీ కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ ఫ్లెక్సీ మీది ‘ముఠా’ అన్న పదానికి యూనియన్ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. అందుకే కోర్టు తేల్చేదాకా ‘నిందితులు’ అనే రాయాలి.

పేరు బయటపెట్టే విషయం డ్రైవరునే, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు అడగండి. పదిమంది మధ్య ‘ఏం అన్నా, సన్మానం చేస్తే నీకేం అభ్యంతరం?’ అంటే ఎవరూ కాదనరు. ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడి రమ్మనండి. ఆటో నంబరు రోజూ అదే స్టాండులో ఉంటుంది, పొద్దున ఎన్నింటికి వస్తాడో, రాత్రి ఏ వీధిలో బండి పెడతాడో తెలుసుకోవడం ఏజెంట్ల మనుషులకు కష్టం కాదు. ఆ స్టేషన్‌కు పిల్లల్ని తెచ్చే ఏజెంటు అతనొక్కడే కాకపోవచ్చు కూడా. బెదిరింపు ఉంటే 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేయొచ్చు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 398 కూడా ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకం పెట్టాలంటోంది. పేరు వద్దంటే సన్మానం స్టాండుకు చేయండి, ‘ఫలానా ఆటో స్టాండు సభ్యులు’ అని. కండక్టరు విషయంలో డిపో మేనేజర్ అనుమతి లేకుండా ఆమె పేరు వేయకండి. ఉద్యోగి ప్రైవేటు సభలో సన్మానం, డబ్బు తీసుకోవడానికి రూల్సుంటాయి, మీ ఉత్సాహం ఆమెకు మెమో తెచ్చిపెట్టకూడదు.

శాలువా, మెమెంటో ఉండనివ్వండి. ఇంట్లో గోడమీద అవి కనబడటం కూడా గౌరవమే. కానీ నిజంగా అక్కరకొచ్చేవి వేరే.

ఆటో డ్రైవరుకు పోయేది రోజు కూలి. స్టేషన్లో వాంగ్మూలానికి ఒక పూట, మేజిస్ట్రేటు ముందు ఒక రోజు, తర్వాత కోర్టు వాయిదాలు. సమన్లు వచ్చి వెళ్తే ‘జడ్జిగారు సెలవు’ అని తిరిగి పంపడం మామూలే. రోజుకు 900 సంపాదన అనుకుంటే ఐదు రోజులకు 4,500. అందులో ఆటో మీద రోజు కిస్తీ ఉంటే అది మాత్రం ఆగదు. కేసు వేరే జిల్లాలో నడిస్తే చార్జీలు, భోజనం అదనం. మూడో వాయిదాకే మనిషి విసిగిపోతాడు, నాలుగోదానికి ఏజెంటు తరఫు పెద్దమనిషి వచ్చి ‘నీకెందుకు బాబూ ఈ గొడవ’ అంటాడు. సాక్షులు ఎదురు తిరిగేది ఇలాంటి చోటే, ఎక్కువసార్లు భయంతో కన్నా విసుగుతో. మీ యూనియన్‌లో రెండు వందల ఆటోలుంటే, నెలకు తలా ఇరవై రూపాయలు వేసుకుంటే ఏడాదికి 48,000 అవుతుంది. దాన్ని ‘సాక్షి నిధి’ అని వేరే ఖాతాలో పెట్టండి. ఇచ్చేటప్పుడు తీర్మానం పుస్తకంలో ‘ఫలానా తేదీన కోర్టు సమన్ల మేరకు హాజరైనందుకు పోయిన ఒకరోజు ఆదాయం, ప్రయాణ ఖర్చు’ అని రాసి సంతకం తీసుకోండి. ఇది బహుమతి కాదు, నష్టపరిహారం. ఎవరైనా అడిగితే చూపించుకునేలా ఉండాలి. సాక్షికి న్యాయమైన ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకూ ఉంది, పబ్లిక్ ప్రాసిక్యూటరుతో చెప్పి అడగొచ్చు. దూరం ఎక్కువైతే ఆడియో, వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలుందేమో కూడా ఆయన్నే అడగండి.

కండక్టరుకు కావాల్సింది ఇంకోటి. బస్సు ముప్పావుగంట లేటైంది, పోలీసులు వచ్చేదాకా ఆగింది, ప్రయాణికులు గొడవ పెట్టారు, ఒకరు ఫిర్యాదు కూడా చేసి ఉండొచ్చు. ఆ లేటు ఆమె మీద పడకుండా డిపో నుంచి కాగితం రావాలి. కోర్టుకు వెళ్లిన రోజులు సొంత సెలవులో కోతపడకుండా డ్యూటీ కింద లెక్కకట్టాలి. సర్వీసు రికార్డులో ప్రశంస నమోదు కావాలి. ఏపీఎస్ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు, అక్కడ ఇది అడగడం కొంత తేలిక. మీ యూనియన్ తరఫున డిపో మేనేజరుకు లేఖ రాసి, ఈ మూడూ కోరి, ఒక కాపీ ఆమెకు ఇస్తే అది పదివేల రూపాయల మెమెంటో కన్నా ఎక్కువ. డీజిల్ పొదుపుకీ, ప్రమాదం లేని సర్వీసుకీ ఆర్టీసీలో అవార్డులు ఎప్పటి నుంచో ఉన్నాయి. కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు) బాగా తెచ్చిన డ్రైవరు పేరు బోర్డు మీద రాసే డిపోలో దీనికీ ఒక వరుస ఉంటే తప్పేముంది అని అడగండి.

ప్రశంసాపత్రం రాయడంలోనే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఇలా రాస్తే ఇబ్బంది లేదు:

“ప్రయాణికుల క్షేమం పట్ల శ్రద్ధతో మెలగుతూ, విధి నిర్వహణలో అనుమానాస్పద పరిస్థితిని గమనించి, స్వయంగా జోక్యం చేసుకోకుండా, సంబంధిత అధికారులకు సకాలంలో ఖచ్చితమైన సమాచారం అందించినందుకు అభినందిస్తూ…”

ఇందులో తేదీ లేదు, రైలు పేరు లేదు, పిల్లల సంఖ్య లేదు, రాష్ట్రం పేరు లేదు. ‘స్వయంగా జోక్యం చేసుకోకుండా’ అన్న మాట కావాలనే పెట్టింది, చదివినప్పుడు కింద కూర్చున్న కుర్రాళ్లు వినాలని. ‘కాపాడిన’, ‘విముక్తి కల్పించిన’ అనే మాటలు వద్దు. కాపాడామో లేదో ఆ పిల్లలు మళ్లీ బడిలో కూర్చున్న రోజు తెలుస్తుంది.

వచ్చే ఏడాది నుంచి ఇది ఏటా చేద్దామనుకుంటే, ‘ఎంతమంది పిల్లల్ని పట్టించారు’ అన్న లెక్కతో ఎంపిక చేయకండి. లెక్క పెట్టడం మొదలైతే ప్రతి వలస కుటుంబమూ అనుమానంగానే కనిపిస్తుంది. కాల్ సరిగ్గా చేశాడా, వివరాలు సరిపోయాయా, ఫొటోలు తీయకుండా ఉన్నాడా, పిలిచినప్పుడు వెళ్లాడా అని చూడండి. విచారణలో ఏమీ లేదని తేలిన కాల్ అయినా సరే, పద్ధతిగా చేసి ఉంటే దానికీ ఇవ్వండి. ఎంపిక కమిటీలో జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకరు ఉంటే మంచిది, ఏది చెప్పకూడదో వాళ్లకు తెలుసు. స్టేషన్ కూలీలు, ప్యాంట్రీ కుర్రాళ్లు, ప్లాట్‌ఫారం ఊడ్చే ఆడవాళ్లు, హైవే దాబాలో టీ పోసేవాడు, ఈ జాబితాలో ఎప్పుడూ ఉండరు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద రాత్రంతా కూర్చున్న పిల్లని ముందు చూసేది చీపురు పట్టుకున్న మనిషే.

ఈ విషయంలో అమెరికా లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ 2009లో మొదలైన ‘ట్రక్కర్స్ అగైనెస్ట్ ట్రాఫికింగ్’ అనే సంస్థ, ఇలా సమాచారం ఇచ్చిన డ్రైవర్లకు హ్యారియెట్ టబ్‌మన్ పేరుతో అవార్డు ఇస్తుంది. బానిసల్ని రహస్య దారుల్లో దక్షిణం నుంచి స్వేచ్ఛలోకి నడిపించిన నల్లజాతి స్త్రీ ఆమె. 2015 జనవరిలో వర్జీనియాలో ఒక డ్రైవరు, ట్రక్కులు ఆగే చోట కిటికీలకు నల్ల తెరలున్న వ్యానును చూసి, దిగి వెళ్లకుండా తన క్యాబిన్‌లోంచే ఫోన్ చేశాడు. లోపల చిత్రహింసలకు గురైన ఇరవై ఏళ్ల యువతి ఉంది. నిందితులకు దశాబ్దాల జైలుశిక్ష పడింది. ఆ ఉదంతం ఆ తర్వాత డ్రైవర్ల శిక్షణలో పాఠమైంది, పాఠంలో ఉన్నది డ్రైవరు చూసినదీ చేసినదీ. 2018లో అక్కడ వచ్చిన చట్టం ఇంకో వైపు కూడా చూసుకుంది: వాణిజ్య వాహనంతో మనుషుల్ని అక్రమంగా తరలించిన డ్రైవరుకు ఆ లైసెన్సు జీవితాంతం రాదు. ఏజెంటుకు రెట్టింపు కిరాయికి ఆటో పెట్టేవాళ్లు మన స్టాండుల్లోనూ ఉంటారు, కాదనకండి. సన్మానం రోజే యూనియన్ తీర్మానం చేయండి, తెలిసి ఇలాంటి కిరాయి తోలినవాడికి స్టాండులో వరుస ఉండదని.

సభ గంటకు మించకుండా చూసుకోండి. మొదటి ఇరవై నిమిషాలు 1098 వాళ్లతోగానీ జీఆర్పీ నుంచి వచ్చినవాళ్లతోగానీ, ఫోన్లో ఏం చెప్పాలో ఇద్దరు డ్రైవర్ల చేత చేయించి చూపించండి, ఒకరు కాల్ చేసినట్టు, ఒకరు ఎత్తినట్టు. నవ్వుతారు, గుర్తుంటుంది. తర్వాత పత్రాలు చదివి ఇవ్వడం, పదిహేను నిమిషాలు. సన్మానితులకు మైకు ఇస్తే ‘ధన్యవాదాలు’ వరకే అని ముందే చెప్పి ఉంచండి. ఎమ్మెల్యేగారికి, విలేకరులకు ఒక చీటీ ముందే అందించండి: పిల్లల వివరాలు అడగొద్దు, నిందితుల పేర్లు, కులం, మతం, ఊరు ఎత్తొద్దు. చివర్లో ప్రతి ఆటో వెనక సీటుకు ఎదురుగా అతికించే స్టిక్కరు పంచండి. అరచేయంత సైజు చాలు, దాని మీద 1098, 139, 112 అంకెలు పెద్దగా ఉండాలి. తెలుగుతో పాటు హిందీలో, మీ దారిన వచ్చేవాళ్లు ఒడిశావాళ్లయితే ఒడియాలో ఒక వాక్యం ఉండాలి, ఆటోలో కూర్చున్న పిల్లే అది చదువుకోవచ్చు.

ఫ్లెక్సీ ప్రూఫు ప్రింటుకు వెళ్లేముందు రోజు సాయంత్రం దర్యాప్తు అధికారికి, డిపో మేనేజరుకు వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే ప్రింటు వేయించండి. ఫ్లెక్సీ మీద ఆటో బొమ్మ పెడితే నంబరు ప్లేటు ఖాళీగా ఉంచమని డిజైనరుకు చెప్పడం మర్చిపోకండి. ఎక్కువసార్లు వాళ్లు సన్మానితుడి అసలు బండి ఫొటోనే పెట్టేస్తారు.